వదిన వెల్డింగ్ పాఠం

మా స్కూల్లో వెల్డింగ్ నేర్పే మాస్టారు మానేసి రెండేళ్లయింది. ఆ క్లాసు తెచ్చి లెక్కల టీచర్నైన నాకు అంటగట్టారు. నేను జన్మలో వెల్డింగ్ రాడ్డు పట్టినవాణ్ణి కాను. బోర్డు మీద బొమ్మలు గీసి, పిల్లలకు అరచేతిలో వైకుంఠం చూపిస్తూ వచ్చాను. మూడుసార్లు ప్రకటన ఇస్తే డిగ్రీలున్నవాళ్లు ఇద్దరొచ్చారు. షెడ్డులో వేడి చూసి ఒకరు, జీతం విని ఇంకొకరు వెనక్కి తిరిగారు. పని వచ్చినవాళ్లకేమో బయట చేతినిండా పని, మా మొహం చూసేదెవరు? చివరికి పైఆఫీసు తేల్చి చెప్పింది. శుక్రవారం లోపు మనిషి దొరక్కపోతే షెడ్డుకు తాళం, ముప్పైమంది పిల్లలకు ఆ కోర్సు రద్దు.

మనిషి మా ఇంట్లోనే ఉంది. మా వదిన. ఇరవయ్యేళ్లుగా గేట్లు, మెట్ల రెయిలింగులు అతికిన చెయ్యి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు, ఇన్నాళ్లూ నా కళ్లకు ఆనలేదు. వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను.

"చెయ్యడం వేరు, చెప్పడం వేరు మరిదిగారూ. నాకు మాటలు రావు," అంది. అయినా నా మాట కాదనలేక శుక్రవారం స్కూలుకు వచ్చింది.

ఆవిడ పాఠం చూసి తేల్చడానికి పైఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరుగారు వెనక కుర్చీలో కూర్చున్నారు. వదిన పిల్లలందరికీ నల్లద్దాలు పెట్టించి రెండు ఇనప ముక్కలు అతికింది. అతుకు చూడముచ్చటగా ఉంది. చల్లారాక సుత్తితో ఒక్కటేసింది. రెండు ముక్కలూ విడిపోయాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆఫీసరుగారు కాగితాలు సర్దుకుంటూ, "ఇరవయ్యేళ్ల అనుభవమన్నారు?" అన్నారు నాతో.

వదిన ఆ మాట విన్నదో లేదో. విరిగిన ముక్క పిల్లల చేతుల్లో పెట్టింది. "లోపల ఏం కనిపిస్తోంది?"

"చిన్న చిన్న చిల్లులు," అంది ముందు బెంచీ పిల్ల.

"ఎందుకొచ్చాయి?"

ఎవరికీ తెలీదు. నాకు అసలే తెలీదు.

"ఈ రాడ్లు రెండేళ్లు చెమ్మలో పడున్నాయి, ఆ చెమ్మ వల్లే చిల్లులు. పెట్టె తియ్యగానే నేను చూసుకోవాలి. కంగారులో చూసుకోలేదు, తప్పు నాదే. మెట్ల రెయిలింగు ఇలా అతికితే, దాన్ని పట్టుకుని దిగే ముసలావిడ ఏమవుతుంది?"

పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. బోర్డు మీద లెక్క తప్పితే గబుక్కున తుడిచేశానే గానీ, పిల్లల ముందు తప్పు నాదే అన్న పాపాన పోలేదు. ఆ క్షణంలో వదిన మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

సైన్సు ల్యాబులోని ఓవెన్‌లో రాడ్లు గంటసేపు ఆరబెట్టించింది. ఆఫీసరుగారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు గానీ లేవలేదు. ఈసారి ముందు బెంచీ పిల్లకు రాడ్డు ఇచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి అతికించింది. వంకరటింకర అతుకు. అది చల్లారాక సుత్తి తీసుకెళ్లి ఆఫీసరుగారికి ఇచ్చింది.

"మీరే కొట్టండి."

ఆయన మొహమాటంగా ఒకటి, పంతంగా రెండు కొట్టారు. ఇనుము వంగింది గానీ అతుకు విడలేదు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

ఆఫీసరుగారు నియామకం కాగితం తీసి, "ఎప్పటినుంచి చేరతారో అడగండి," అన్నారు నెమ్మదిగా.

వదిన అప్పటికే ఇంకో పిల్లాడి చెయ్యి పట్టుకుంది. పిలవబోతే, తల తిప్పకుండానే ఆగమని సైగ చేసింది. పాఠం అయ్యేదాకా ఆఫీసరుగారూ నేనూ అలాగే నిలబడ్డాం.