నీలం రిబ్బను కట్ట

గుడ్రున్ కుట్టుమిషను చక్రాన్ని నునుపు చేస్తుండగా తొమ్మిది గంటల కాఫీ గంట మోగింది. నూనె మరకల వేళ్లను ఆప్రానుకు తుడుచుకుని, నడుం పట్టుకుని మెల్లగా లేచింది. ఆ రోజుతో యాభై నాలుగు నిండాయి. నెలరోజుల్లో మనిషి సగమైంది.

మా ఫ్యాక్టరీ ఊళ్లో కాఫీలో తలనొప్పి పొడి కలుపుకోనివాళ్లు లేరు. అది పడందే చెయ్యి ఆడదు. పుట్టినరోజుకీ అవే పొట్లాలు, రిబ్బను కట్టి మరీ ఇచ్చుకుంటాం. ఏం మురిపెమో!

పక్క బల్ల మెర్తా నీలం రిబ్బను చుట్టిన పొట్లాల కట్టొకటి తెచ్చి ముందు పెట్టింది. ఇరవై రెండేళ్ల కిందట, కొత్తగా చేరిన గుడ్రున్ తలపోటుతో ఏడుస్తుంటే మొదటి పొడి కలిపి తాగించింది ఈ మెర్తాయే.

"నూరేళ్లు బతకవే! విప్పు, తాగుదాం."

నిన్ననే డాక్టరు గుడ్రున్‌కు చెప్పాడు. మూత్రపిండాలు రెండూ ముడుచుకుపోయాయి, మూత్రనాళంలో క్యాన్సరు. అంతా ఆ పొడి చలవేనట.

చెబితే మెర్తా మానేస్తుంది. కానీ నా చేత్తో నేనే దీన్ని చంపుకున్నానని బతికినన్నాళ్లూ కుమిలిపోతుంది. పిచ్చిది, దాని మనసు వెన్న. చెప్పకపోతే దానికీ ఇదే గతి.

గుడ్రున్ కట్టను ఒళ్లోకి లాక్కుంది. "ఇవి నాకు ఏ మూలకే? నీ దగ్గరున్నవీ ఇలా పడెయ్."

"ఒసే, నీ ఆశ పాడుగాను! మరి నాకో?"

"పుట్టినరోజు నీదా, నాదా?"

మెర్తా గొణుక్కుంటూ జేబులు దులిపింది. మర్నాడూ గుడ్రున్ చెయ్యి చాపింది, ఆ మర్నాడూ చాపింది. వారమంతా మెర్తా తలనొప్పితో చిందులు తొక్కింది, తిట్టింది, తిడుతూనే ఇచ్చింది. చివరికి విసుగెత్తి కొనడమే మానేసింది. నెల తిరిగేసరికి తలనొప్పీ పోయింది.

ఏప్రిల్‌లో, సరస్సు మీద మంచు కరిగే వేళ, మెర్తా చెయ్యి పట్టుకునే గుడ్రున్ నిద్రలో పోయింది. పొడి వల్లే ఇలా అయిందని నర్సు అంటే మెర్తా నమ్మలేదు. "అది అంత చేటైతే నా వాటా కూడా ఎందుకు లాక్కుని తాగుతుందమ్మా?"

ఫ్యాక్టరీలో గుడ్రున్ బీరువా ఖాళీ చెయ్యడానికీ తనే వెళ్లింది. కాఫీ కప్పు, ఆప్రాను, వాటి వెనక పుట్టినరోజు కట్ట. రోజూ గుంజుకున్నవన్నీ ఎక్కడ పారబోసిందో గానీ, దీన్ని పారెయ్యడానికి గుడ్రున్‌కు చేతులు రాలేదు.

"ఒసే దొంగా..." అంటూ మెర్తా అక్కడే కూలబడి ఏడ్చింది.

ఒళ్లో కట్టకి, తను వేసిన ముడి వేసినట్టే ఉంది.