గడి ముందు ముగ్గు

తెల్లవారుతూనే దొర గడి ముందు ఊడ్చి వెట్టికి ముగ్గేయాలి. పగలంతా దొర గుంజుకున్న తమ చెలకలోనే కలుపు తీయాలి. పొద్దుగూకాక సంఘం వాళ్లు చాటుగా నడిపే రాత్రి బడి. నలభై ఏళ్ల బిక్షమ్మ చదువు అలా సాగుతోంది.

ఒకనాడు ఆమె కొంగులోని పలకను దొర లాక్కుని చెప్పుకాలితో పగలగొట్టాడు.

"వెట్టిదానికి సదువెందుకే?"

"తప్పయింది, బాంచెను," అంది బిక్షమ్మ.

పట్నంలో ఉర్దూ చదివొచ్చిన దొరకే కాదు, గడిలో ఎవరికీ తెలుగు అక్షరం రాదు. మర్నాడు ఆమె ముగ్గు తీగల నడుమ పెద్దగా రాసింది: 'ఇది దొంగ ఇల్లు'.

దొర గుమ్మంలో నిలబడి చూశాడు. "కొత్త ముగ్గు మంచిగున్నదే. రోజూ గిదే ఎయ్యి."

"మీ మాట దాటుతనా, దొరా."

వెట్టికొచ్చిన బడి జనం తలలు వంచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ లోపలికి నడిచారు.