కాకిని తీసెయ్యి

రెజిమెంటల్ బజార్‌లో స్టూడియో నడిపే పాల్‌కి పెళ్లిళ్లంటే ఒళ్లుమంట. కూడు పెట్టేది అవే, కడుపులో తిప్పేదీ అవే. ఆ సెంటు కంపు, ఎంగిలాకుల పక్కన సెల్ఫీలు, కెమెరా కోసం తెచ్చిపెట్టుకున్న ఏడుపులు. ఆ రోతంతా వదిలించుకోవడానికి తీరిక దొరికితే పిట్టల ఫొటోలు తీసుకునేవాడు.

ఈ వానాకాలం మౌలాలి అవతల ఒక మడుగులో సారస కొంగల జంట గూడు పెట్టింది. మనిషెత్తు పక్షులు, బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తల. ఈ చుట్టుపక్కల వాటిని చూశామని చెప్పేవాళ్లే లేరు. పాల్ సంబరం పట్టలేక ఫొటో తీసి, చోటు పేరుతో సహా ఫోన్లో అందరికీ పంపించాడు. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో గాని పుట్టింది.

ఫొటో చూసి మల్కాజ్‌గిరి నుంచి, కొత్తగా కూతురి పెళ్లి చేసిన ఓంప్రకాశ్ దిగబడ్డాడు. కొత్త దంపతులు సారసాల జంటను చూస్తే జన్మలో విడిపోరని గుజరాతీ దోస్తెవరో చెప్పాడట.

“పాల్ భాయ్, బిడ్డ, అల్లుడు ముందర నిలబడాలె. ఎన్క రెండు పక్షులు నిలబడాలె. గా ఒక్క ఫొటో చాలు. నలుగురమే వస్తం, వాటికి తక్లీఫ్ ఇయ్యం.”

నలుగురే కదా అని పాల్ ఒప్పుకున్నాడు. తీరా చూస్తే బస్సు నిండా జనం, డప్పులతో సహా దిగారు. దిగీ దిగగానే చిప్స్ కవర్లు మడుగులో పడ్డాయి. పెళ్లికొడుకు మేనమామ గట్టు మీద నిలబడి నీళ్లలోకే ఉమ్మాడు.

గూటికి కాపలా ఉన్న పరిశోధక విద్యార్థిని జెరూషా పరుగెత్తుకొచ్చింది. “అంకుల్, ఒక్కటే గుడ్డుంది. ఇవాళో రేపో పిల్ల బయటికొస్తుంది. వీళ్లను గట్టు దిగనివ్వకండి, ప్లీజ్.”

“నేనున్నాగా,” అన్నాడు పాల్.

ఒక పక్షి నిలబడింది. రెండోది గుడ్డు మీంచి లేవడం లేదు. ఎంతసేపు చూసినా అంతే. “జెర లేపుండ్రి భాయ్, ఎండకు పిల్ల మేకప్ కారిపోతున్నది,” అని ఓంప్రకాశ్ భార్య శ్యామలమ్మ నస పెట్టింది. స్టూడియోలో చంటిపిల్లలు కెమెరా వైపు తిరగకపోతే పాల్ ఏం చేస్తాడో అదే చేశాడు. కన్ను స్టాండు మీది కెమెరాకే ఉంది. చేతులు వాటంతటవే లేచి రెండు చప్పట్లు కొట్టాయి.

అంతే. జనమంతా చప్పట్లు అందుకున్నారు. ఈలలు వేశారు, డప్పులు షురూ చేశారు, ఒక గుంపు గట్టు దిగి బురదలోకి నడిచింది. కూర్చున్న పక్షి లేచింది. రెండూ వెనక్కి జరిగి, మెడలు నిక్కించి, గుండె పగిలేట్టు అరిచాయి.

“దీవిస్తున్నయ్ చూడుండ్రి!” అని శ్యామలమ్మ చెంపలేసుకుంది. పాల్ వేలు ఆగకుండా నొక్కుతూనే ఉంది. జెరూషా ఒక్కొక్కరి చేయీ పట్టి లాగుతూ, అరుస్తూ, చివరికి బురదలో కూలబడింది.

మర్నాడు ఫొటోలు చూడ్డానికి ఓంప్రకాశ్ దంపతులు స్టూడియోకి వచ్చారు.

“అబ్బ, గిదీ ఫొటో అంటే!” అన్నాడు ఓంప్రకాశ్. అంతలోనే మొహం చిట్లించాడు. “ఏందీ, పిల్ల భుజం కాడ కాకి ఉన్నది? అపశకునం. కాకిని తీసెయ్యి.”

పాల్ తెర మీద ఆ మూలను పెద్దది చేశాడు. గూటి మీద కాకి. పగిలిన పెంకు. కాకి ముక్కున వేలాడుతున్న తడిసిన కొంగపిల్ల కాలు.

శ్యామలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “అయ్యో, పాపం,” అంది. కొంగు దించి, “గది సుత తీసెయ్యి,” అంది.

పాల్ తెరను తనవైపు తిప్పుకున్నాడు.

“అక్కడ ఉండకూడనివన్నీ తీసేస్తానమ్మా. వెళ్లిరండి,” అన్నాడు.

తలుపేసుకుని కూర్చున్నాడు. పెళ్లికూతుర్ని తీసేశాడు. పెళ్లికొడుకును తీసేశాడు. బురదలో నిలబడ్డ మేనమామను, డప్పులను, తేలుతున్న కవర్లను తీసేశాడు. రెండు కొంగలు, కాకి, పగిలిన గుడ్డు మిగిలాయి. ఇంకొకణ్ణి తీసేయాలి. చప్పట్లు కొట్టినవాడి కోసం ఫొటో అంతా వెతికాడు. వాడు అందులో లేడు.