పేరయ్య విత్తనం టిక్కీలు

మూడో గదిలో రైతు పేరయ్యవి తప్ప సరుకంతా అమ్మేశాను. ఆ 'తప్ప' దగ్గరే చిక్కుపడ్డాను.

2002 జూలై. గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు నిలబడ్డాయి. మిర్చి ఆ రోజే మద్రాసు బయలుదేరాలి. ఓడ తప్పితే కొన్నవాడు మళ్ళీ నా గడప తొక్కడు. పేరయ్యవి మూడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. తాతలనాటి రకం, విత్తనానికి దాచుకున్నాడు. లారీ ఎక్కితే కారం అవుతాయి, ఆ రకం ఇక ఎక్కడా దొరకదు. ప్రతి టిక్కీ మీదా లాటు నంబరుంది, కానీ ఏ నంబరు ఎవరిదో కంప్యూటర్‌కే తెలుసు. పేరయ్య రసీదు వానలో నాని ముద్దయింది. కంప్యూటర్ ముందురోజే చచ్చింది.

మిగిలింది ఆ లెక్కలు దాచిన ఫ్లాపీ. కంప్యూటర్ షాపు శివరామకృష్ణ దాన్ని తన మిషన్‌లో తెరిచాడు. నంబర్లు బాగానే వచ్చాయి. పేర్లున్నచోట మాత్రం పిచ్చి గుర్తులు.

"ఏ కంపెనీ తెలుగు ఫాంటులో కొట్టారండీ?"

"మా ఆఫీసులో లెక్కలు కొట్టే రెబ్కాకే తెలియాలి. కాన్పుకి వినుకొండ వెళ్ళింది."

"ఒక్కో కంపెనీది ఒక్కో లెక్కండీ. నా దగ్గరున్నవేవీ కుదర్లేదు. ఇందులో ఏదైనా ఒక్క మాట తెలిస్తే, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టుకోవచ్చు."

"పైన శ్రీరామ ఉంటుంది. చేరిన రోజే రాయమని చెప్పాను."

అలాగే పెట్టి చూశాడు. ఒక్క పేరూ పేరులా రాలేదు.

బయటినుంచి పేరయ్య అరిచాడు. "షావుకారుగారూ, మొదటి లారీ కదిలిపోయింది! నా గింజలు దాంట్లో ఉన్నాయా లేవా?"

పై వరుస మళ్ళీ చూశాను. మధ్యలో ఖాళీ ఉంది. శ్రీరామ ఒక్క మాటే, ఇవి రెండు మాటలు! వినుకొండ ఆసుపత్రికి ఫోన్ చేస్తే రెబ్కా తండ్రి యేసుపాదం లైన్లోకి వచ్చాడు.

"అమ్మాయి ఆపరేషన్ గదిలో ఉందండీ."

"చల్లగా బయటికొస్తుందిలే. మీ ఇంట్లో ఏదన్నా రాసేముందు పైన ఏం పెడతారు?"

"యేసయ్య పేరట అని పెడతామండీ. మీకు కోపమొస్తుందని చెప్పలేదేమో..."

"కోపం సంగతి తర్వాత చూద్దాం."

శివరామకృష్ణ ఎగిరి గంతేశాడు. రెండో మాటలోని 'పేర'కి మొదటి మాట చివరి 'య్య' తగిలించి వెతికాడు. ఒక్కచోటే దొరికింది. లాటు 418.

పరుగెత్తాను. రెండో లారీ బల్ల ఎక్కుతున్న హమాలీ బుడాన్ వీపు మీద 418 కనిపించింది.

"దించరా!"

అప్పటికే లారీలోకి ఎక్కిన ఇంకోటీ దింపించాం. మూడోది మొదటి లారీలో వెళ్ళిపోయింది.

"రెండున్నాయి పేరయ్యా. సరిపోతాయా?"

"సరిపెట్టుకుంటా," అని రెండింటిమీదా చెరో చెయ్యీ వేసి కూర్చున్నాడు. ఆఖరి లారీ కదిలేదాకా లేవలేదు.