ముందు వాని మాట

వినోద మళ్లీ అదే ప్రశ్న దగ్గర తప్పింది. లా కాలేజీ ఎంట్రన్స్ వచ్చే ఆదివారమే. హన్మకొండలో స్నేహితురాలు సుమయ్యా వాళ్ల మేడ మీద ఇద్దరూ పాత పేపర్లు చేస్తున్నారు.

ప్యాసేజీ అడవి గురించి. అక్కడ సాగు చేసేవాళ్లను పంపేస్తేనే అడవి బతుకుతుందని ఎవడో రాశాడు. రచయిత దేన్ని ఒప్పుకుంటాడు అని ప్రశ్న. 'సాగుదారులకు హక్కుంది' అన్నదానికి టిక్కు పెట్టింది వినోద. ఆమెది ములుగు అవతలి ఊరు. తల్లి చిలుకమ్మ సాగు చేసే చెలక అడవి అంచున ఉంది. అది అడవి భూమి అంటూ నిరుడు అటవీశాఖవాళ్లు మొలకల మీద ట్రాక్టరు తోలారు. వకీలు కావాలన్న పట్టు ఆ మొలకల దగ్గరే పుట్టింది.

"వాడు రాసింది అబద్ధం," అంది.

"నిజమా అబద్ధమా అని నిన్నెవరడిగిండ్రే? వాడేమంటుండో చెప్పుమన్నరు."

"వాని మాట నా నోట్లకెళ్లి రాదు."

"గట్లయితే సీటు గూడ రాదు," అంది సుమయ్యా. "మా అమ్మమ్మ తాహెరా నానీ కాడికి కొట్లాట తీస్కపోతే, ముందు ఎదుటోళ్ల మాట చెప్పాలె. వాళ్లు 'ఔ, నేనన్నది గదే' అనేదాంక మన మాట ఇనదు. ఇప్పుడు ఇది రాసినోన్ని నేననుకో. నా మాటేందో చెప్పు."

"నీకు పేదోళ్లంటే పడదు."

"గట్లెక్కడ రాసిన? చూపియ్యి."

వినోద వెతికింది. ఎక్కడా లేదు. పళ్లు కొరుక్కుంటూ మళ్లీ చదివింది.

"సాగు పెరిగింది. అప్పుడే చెట్లు తగ్గినయి. అందుకే సాగే కారణం. అంతేనా?"

"ఔ, నేనన్నది గదే."

వినోద ఆ మాటనే మళ్లీ అనుకుని చూసింది. రెండూ ఒకేసారి జరిగితే ఒకటి రెండోదానికి కారణమైపోతుందా? ఆ రాతంతా ఆ ఒక్క ఊహ మీదే నిలబడింది. తర్వాతి ప్రశ్న చూసింది: ఈ వాదాన్ని బలహీనపరిచేది ఏది? మూడో జవాబు: సాగే లేని చోట కూడా చెట్లు అంతే తగ్గాయి. ఇన్నాళ్లూ ఆ వాదానికి బయట నిలబడి రాళ్లు రువ్వింది. లోపలికి పోయి చూస్తే అక్కడ గోడే లేదు.

మొదటి ప్రశ్నకు వాని జవాబు పెట్టింది. రెండోదానికి తనది. రెండూ సరైనవే.

సుమయ్యా చాయ్ తెచ్చేసరికి వినోద ఫోన్‌లో ఉంది.

"అమ్మా, ట్రాక్టరు తెచ్చినాయన ఆ పొద్దు ఏమన్నడు? ఒక్క మాట పోకుంట చెప్పు."

"ఆని మాటలు మనకెందుకే?" అంది చిలుకమ్మ.

"ముందు అవే గావాలె అమ్మా. నిమ్మలంగ చెప్పు, రాసుకుంట."