పావు మాత్ర

బళ్లారి జిల్లా తెక్కలకోటలో పంపన్నను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. చిన్నాపెద్దా అందరికీ ఆయన కాంపౌండరప్పే. సర్కారు ఆస్పత్రిలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి అరుగు మీద బిస్కెట్ల డబ్బాలో నాలుగు రకాల మాత్రలు పెట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వైద్యం చెబుతుంటాడు. వచ్చినవాళ్లు మాత్రను కాగితంలో చుట్టుకుని, దండం పెట్టి ఇంటికి పోతారు. ఇన్నేళ్లలో ఆయన మందు తీసుకున్న ఒక్కరికీ చెడు జరగలేదు. అది తన హస్తవాసి అని ఆయన గట్టి నమ్మకం.

పక్కింటి హుసేనమ్మ పిండిగిర్నీ నడుపుతుంది. ఆమెకు జున్ను అని ఒక గండుపిల్లి. ఎలుకల కోసం తెచ్చుకున్న పిల్లే గాని, నాలుగేళ్లలో అది ఎలుకల పని మానేసి ఇంటి పెత్తనం తీసుకుంది. ఆమె ఒంటరి మనిషి. పగలంతా గిర్నీ మోతలో అరిచి అరిచి, ఇంటికొచ్చాక ఆమె మెల్లగా మాట్లాడేది ఆ పిల్లితోనే. అది పోతే ఆమెకు ఇంట్లో మాటే ఉండదు.

ఆ జున్ను రెండు రోజులుగా ఏమీ తినలేదు. మంగళవారం సాయంత్రం హుసేనమ్మ దాన్ని చంకన వేసుకుని పంపన్న అరుగు దగ్గరికి వచ్చింది.

“ఒళ్లు కాలిపోతాండాది కాంపౌండరప్పా. మూల పండుకున్నది లేస్తా లేదు. సిరుగుప్ప పశువులాస్పత్రికి తీసకపోదునా?”

పంపన్నకు ఆ ప్రశ్న నచ్చలేదు. తాను ఉండగా ఇంకో ఆస్పత్రి ఊసెందుకు? పిల్లి చెవులు పట్టి చూశాడు. వేడిగానే ఉన్నాయి.

“జ్వరం అంతే. మనిషికైనా పిల్లికైనా జ్వరం జ్వరమే కదా. దీనికి సిరుగుప్పకు యాల పోవల్ల?” అన్నాడు.

డబ్బాలోంచి జ్వరం మాత్ర తీసి, చిన్న ప్రాణి కదా అని ఎంతో జాగ్రత్తగా నాలుగు ముక్కలు చేశాడు. ఒక ముక్క నూరి పాలల్లో కలిపాడు. హుసేనమ్మ పిల్లి నోరు తెరిచి పట్టుకుంటే ఆయన చెంచాతో పోశాడు. పసిబిడ్డకు పోసినంత పొందికగా పోశానని తృప్తిపడి చేతులు కడుక్కున్నాడు.

బుధవారం పొద్దున హుసేనమ్మ కేక విని పరిగెత్తాడు. జున్ను మొహం ఉబ్బిపోయింది. ముందుకాళ్లు వాచాయి. నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు బురదనీళ్ల రంగుకు తిరిగాయి. ఏం చేయాలో పంపన్నకు నిజంగా తెలియలేదు.

హుసేనమ్మ జొన్నల గంపలో పాత చీర మెత్తగా పరిచి పిల్లిని పడుకోబెట్టింది. గాలి ఆడేలా పైన పలుచని గుడ్డ కట్టి బస్టాండుకు నడిచింది. పంపన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకాలే పోయాడు. సిరుగుప్ప వచ్చేదాకా చెవి గంప మీదే పెట్టి కూర్చున్నాడు.

పశువుల ఆస్పత్రి ముందు ఎనుములూ మేకలూ వరసలో ఉన్నాయి. మేకను పట్టుకుని నిలబడ్డ తెక్కలకోట సోమప్ప “నమస్కారం కాంపౌండరప్పా” అని పలకరించాడు. బళ్లారి గాంధీనగర్ నుంచి రోజూ వచ్చే డాక్టరమ్మ రాజశ్రీ, పిల్లి ఊపిరి చూసి వాళ్లను అందరికంటే ముందు లోపలికి పిలిచింది.

“ఏం మందిచ్చినారు?”

“ఏమీ ఇయ్యలేదమ్మా. రవ్వన్ని పాలు పోసినాము” అంది హుసేనమ్మ, పంపన్న వైపు చూడకుండా.

ఆ అబద్ధం తన పరువు కోసమేనని పంపన్నకు అర్థమైంది. వాకిలి దగ్గర సోమప్ప చెవులు రిక్కించి ఉన్నాడు. పంపన్నకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయికి ఆయన తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

“చిగుళ్లు ఇట్లా ఊరికే కావు” అంది డాక్టరమ్మ. “లోపలికి ఏం పోయిందో తెలీకుండా నేను సూది వేస్తే అది తప్పు సూదైనా కావచ్చు. స్వల్ప యోచన మాడి, కొంచెం ఆలోచించి చెప్పండి.”

జున్ను పక్కటెముకలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి.

“నేనిచ్చినాను” అన్నాడు పంపన్న. మళ్లీ గట్టిగా అన్నాడు. “నేనే ఇచ్చినానమ్మా. జ్వరం మాత్ర, ఆర్నూటయాభైది. దాంట్లో పావు. నిన్న సాయంత్రం ఆరింటికి.”

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది.

“పారాసిటమాల్ పిల్లికి విషం. మన ఒంటి మాదిరి దాని ఒళ్లు ఆ మందును తట్టుకోలేదు. పావు కాదు, చిటికెడు కూడా ఇయ్యకూడదు.” చీటీ రాసి చేతిలో పెట్టింది. “దీనికి విరుగుడు మనుషుల మెడికల్ షాపులో దొరకతాది. బేగ పోండి.”

అరవై ఆరేళ్ల పంపన్న సిరుగుప్ప బజార్లో పరిగెత్తాడు. మందు తెచ్చాడు. డాక్టరమ్మ పిల్లిని తూచి, సెలైన్ పెట్టి, ఆ మందు ఎక్కించింది. తోక మొదట్లో వెంట్రుకలు పక్కకు తీసి చూపించింది. ఇంకో పిల్లి కరిచిన గాటు, లోపల చీము.

“జ్వరం దీనివల్ల. నిన్ననే తెచ్చింటే చీము కడిగి పంపించేదాన్ని. పిల్లి ఒక దినం తినకపోతే తీసుకురావల్ల. నోరు తెరిచి ఊపిరి తీస్తే గంట కూడా ఆగకూడదు. ఇక్కడికి వచ్చేదాకా నీళ్లు దగ్గర పెట్టండి, వెచ్చగా పండుకోనీండి. మాత్రలు మాత్రం వద్దు.”

మధ్యాహ్నం మూడింటికి చిగుళ్లలో కొంచెం ఎరుపు తిరిగింది. రేపూ ఎల్లుండీ మళ్లీ తీసుకురమ్మని చెప్పి, డాక్టరమ్మ రిజిస్టరు తెరిచింది.

“మాత్ర ఇచ్చినోరి పేరు?”

“కాంపౌండర్ పంపన్న అని రాసుకోండి మేడం” అన్నాడు సోమప్ప గుమ్మంలోంచి, సాయం చేస్తున్నట్టు.

“కాంపౌండర్ కాదమ్మా” అన్నాడు పంపన్న. “అటెండర్ని. వాకిలి కాడ నిలబడి చీటీలు పిలిచేవాణ్ణి.”

ఆ మాట అనడానికి ఆయనకు రిటైరయ్యాక కూడా ఇన్నేళ్లు పట్టింది. ఎవరైనా నవ్వుతారేమోనని తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయనే కదిపాడు. “ఊరినంతా మోసం చేసినాను హుసేనమ్మా.”

“అది ఊరందరికీ తెలుసులేప్పా” అంది ఆమె, గుడ్డ ఎత్తి గంపలోకి చూస్తూ. “మా నాయన చీటీ పిలిచింది నువ్వే కదా. పెద్దమనిషివి, బాధపడతావని నువ్విచ్చిన మాత్ర తీసుకుంటాము. సందు తిరిగినాంక పారేస్తాము.”

పంపన్న ఆమె మొహంలోకి చూశాడు.

“మరి పారేయకుండా దీనికి యాల పోయనిచ్చినావు?”

హుసేనమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పిల్లే కదా, ఏమైతాదిలే అనుకున్న్యా. నోరు తెరిచి పట్టుకునింది నేనే కదప్పా.” కొంగుతో మొహం తుడుచుకుంది. “బస్సొచ్చె కాంపౌండరప్పా. గంప అదరకుండా పట్టుకో.”