చేట పట్టుకుని బ్యాంకుకెళ్లిన రత్నాలమ్మ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, పొయ్యి మీద గంజి పెట్టి, రత్నాలమ్మ చేట అందుకునేది. ముందు రోజు ఒలిచిన జీడిపప్పు చెరిగితే ఎర్రటి పొట్టు గాలికి లేచి గోడ వారన పడేది, పప్పు చేటలో మిగిలేది. ఆ పని అయ్యేసరికి ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి ఉండేవారు, మాటలు చెరిగించుకోవడానికి.

వజ్రపుకొత్తూరు దారిలోని ఆ ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. రత్నాలమ్మ చేట మీదికి వంగి ఎవరేం మాట్లాడినా ఆ మాట బరువుగా దాంట్లో పడేది. నాలుగుసార్లు చెరిగితే కల్లబొల్లి మాటలన్నీ పొట్టులా ఎగిరిపోయేవి. మిగిలిన మాట, అన్నవాడి గొంతుతోనే మళ్లీ వినబడేది. ఆవుల్ని అమ్మేవాళ్లూ పెళ్లిళ్ల పేరయ్యలూ ఆ గుమ్మం ముందు కాస్త తక్కువగా మాట్లాడేవారు.

ఇంట్లోవాళ్ల మాటలు మాత్రం ఆమె ఎన్నడూ చెరగలేదు. భర్త కిడ్నీల జబ్బుతో మంచాన పడి "రేపటికి తగ్గిపోద్దిలే" అన్నప్పుడు కూడా చేటని గోడకి తగిలించే ఉంచింది.

అతను పోయాక ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. పలాసలో కూలికి జీడి ఒలిచిన మనిషి, రెండేళ్లలో తానే పిక్కలు కొని, పెరట్లో కాల్చి, ఆరుగురు ఆడవాళ్లకు పని చూపించింది. రెండు వేల మూడులో విశాఖపట్నం మిఠాయి దుకాణం ఒకటి నెలనెలా ఆమె పప్పే కొంటామంది. ఒక్కటే షరతు. డబ్బు చెక్కుగానే ఇస్తారు, అదీ వ్యాపారం ఖాతాకే. నెలాఖరులోగా ఖాతా తెరవకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. అలాంటి బేరం మళ్లీ తగిలేది కాదు.

మరిది ఢిల్లీశ్వరరావు డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్నాడు. అన్న పోయినప్పటి నుంచి వదిన సరుకు మోసేది అతనే. మోపెడ్ మీద ఆమెను కాశీబుగ్గ తీసుకెళ్లాడు. చేట ఆమె ఒళ్లో ఉంది.

మొదటిది కొత్తగా వచ్చిన ప్రైవేటు బ్యాంకు. లోపల చల్లగా ఉంది. టై కట్టుకున్న ఆఫీసరు చేటను చూసి, కాగితాలు ఎగరకుండా వాటి మీద బరువులు పెట్టుకున్నాడు.

"మీలాంటి వ్యాపారులే మాకు దేవుళ్లు మేడమ్. క్యూలుండవు, ఖర్చుండదు, ఫోన్ చేస్తే మేమే ఇంటికొస్తాం. పాతిక వేలు నిల్వ ఉంచితే చాలు, తగ్గితే ఏదో కొంచెం కోత" అన్నాడు, బల్ల మీంచి చేట మీదికి వంగి.

రత్నాలమ్మ చెరిగింది. గదంతా పొట్టు. చేటలోంచి ఆయన గొంతే వినబడింది: "పాతిక వేలు. తగ్గితే కోత."

"పోన్లే బావూ, ఆ మాటైనా దాసుకోనేదు" అని ఆమె లేచింది.

రెండోది పాత ప్రభుత్వ బ్యాంకు. మేనేజరు గౌరీశంకర్ చేటను చూడగానే ఫాను ఆపించి, చేట మీదికి వంగాడు.

"కరెంట్ అకౌంటుకి వడ్డీ రాదమ్మా. పొదుపు ఖాతాలో వ్యాపారం చెక్కులు వెయ్యనివ్వం కాబట్టి ఇదే తియ్యాలి. వైజాగ్ చెక్కు మారడానికి పది రోజులు పడుతుంది. సంత రోజున గంట నిలబడాలి. నిల్వ ఐదు వేలు. ఒక్క మనిషి వ్యాపారం కనక ఒక్క పేరే రాస్తాం. సంతకం, సొమ్ము మీద హక్కు ఆ మనిషివే."

ఆమె చెరిగింది. ఒక్క రవ్వ కూడా లేవలేదు. అన్నీ కష్టపెట్టే మాటలే, అయినా విరగని పప్పుల్లా నిలిచాయి. రత్నాలమ్మ ప్రాణం కుదుటపడింది.

"ఇక్కడే తీత్తాను" అంది.

"మరి ఎవరి పేరు రాయమంటారు?"

ఆమె చేతులు ఇంకా ఆగలేదు. భుజం మీంచి ఢిల్లీశ్వరరావు ముందుకు వంగాడు. "నా పేరు రాయండి సార్. సంతకాలూ అవీ మా వొదినకెందుకు తిప్పలు. ఎవుల పేరైతే ఏటి, మనవంతా ఒకటే. వచ్చిన సొమ్ము ఆవిడ సేతికే ఇత్తాను."

మాట చేటలో పడింది. మనసు వద్దంటున్నా, ఇరవై ఏళ్ల అలవాటున్న చేతులు వినలేదు. "మనవంతా ఒకటే" లేచిపోయింది. "ఆవిడ సేతికే" లేచిపోయింది. చేటలోంచి మరిది గొంతు, కొంచెం సన్నగా, "నా పేరు రాయండి" అంది.

మేనేజరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. రత్నాలమ్మ చేటని ఒళ్లో పెట్టుకుని మరిది వైపు తిరిగింది. తన చేతి ముద్ద తిని పెరిగినవాడు. తిట్టాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. ఆమె గొప్పతనమంతా అక్కడే ఉంది.

"రత్నాలమ్మ అని రాయండి బావూ" అంది. కూతురు లావణ్య నేర్పిన నాలుగక్షరాలూ మూడు చోట్ల, తొందరపడకుండా రాసింది.

"ఇక్కడ ఖాతా ఉన్నవాళ్లెవరైనా, ఈవిడ నాకు తెలుసు, ఈ వ్యాపారం ఈవిడదే అని సంతకం చెయ్యాలమ్మా" అన్నాడు మేనేజరు.

ఆమె ఎరిగినవాళ్లలో అక్కడ ఖాతా ఉన్నది ఒక్కడికే. వాడు తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

"రా ఢిల్లీ" అంది రత్నాలమ్మ.

అతను వచ్చాడు. కలం పట్టుకున్నాడు గాని, ముందు చేట మీదికి వంగాడు. "ఈ యాపారం మా వొదినది. నాది కాదు." చేట అంచుని వేలితో తట్టాడు. "సెరుగు వొదినా."

ఆమె చెరిగింది. ఏమీ ఎగరలేదు. అతను సంతకం పెట్టాడు.

పదిహేను రోజులకి విశాఖపట్నం చెక్కు మారింది. సరుకు అక్కడికి పట్టుకెళ్లే పని కూడా ఢిల్లీశ్వరరావుదే అయింది. నెల తిరగ్గానే రత్నాలమ్మ పీట మీద కూర్చుని, లావణ్యను అడిగి అడిగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, చెక్కుబుక్కులో మొదటి కాగితం మీద అంత పొడుగు పేరూ రాసింది. ఢిల్లీశ్వరరావు. అది అతని మొదటి నెల జీతం.